జోడీ హాజరు

సన్మాన పత్రాలు రాయడం నాకు కొత్త కాదు. కోదాడలో తహసీలు ఆఫీసు ఎదురు సందులో ముప్పై ఏళ్లుగా దరఖాస్తులు రాసి బతుకుతున్నాను. రిటైరయ్యే టీచర్లకూ, బదిలీ అయ్యే ఆఫీసర్లకూ, పెళ్లిరోజు చేసుకునే రైస్‌మిల్లు ఓనర్లకూ రాసిచ్చాను. ఎవరికి రాసినా సరుకు ఒకటే, పేరు మారిస్తే సరి. రాసింది మళ్లీ తలుచుకోవాల్సిన అవసరం ఏనాడూ పడలేదు. ఈసారి పడింది.

రాయమన్నది ధనుంజయ్. మున్సిపల్ కార్మికులకు ఇక్కడ రెండు యూనియన్లున్నాయి. పెద్దదానికి అతను అధ్యక్షుడు. తెల్లచొక్కా ఇస్త్రీ నలగకుండా బండి దిగి, నా కుర్చీ పక్కన నిలబడి, "మంచి భాషల రాయి కాశీరాం భాయ్, సదువుతుంటే కండ్లల్ల నీళ్లు తిరగాలె" అన్నాడు.

రాశాను. "పారిశుద్ధ్యమే పరమార్థంగా ఇరవై రెండేళ్లు సేవలందించి, కొత్తతరానికి దారి ఇస్తూ స్వచ్ఛందంగా విధుల నుంచి తప్పుకున్న త్యాగమూర్తి శ్రీమతి చంద్రమ్మ గారు" అన్నది అందులో మొదటి వాక్యం. ఆ వాక్యంలో నిజమైనది ఆమె పేరొక్కటే. ఇరవై రెండేళ్లు కూడా తప్పు, ఇరవై నాలుగు. దాన్ని అద్దం కట్టించి, పూలు చుట్టి, పదిమందిలో చదివింది కూడా నేనే. అందుకే మళ్లీ రాస్తున్నాను. ఇది రాయమని నన్నెవరూ అడగలేదు.

చంద్రమ్మది గాజులకుంట. చిలుకూరు పోయే దారిలో పక్కకు తిరిగితే వస్తుంది. పొట్టి మనిషి, యాభై ఎనిమిదేళ్లు. గొంతుకు మాత్రం మైకు అక్కర్లేదు. భర్త పోయాక ఊరి పంచాయతీలో సఫాయి పనికి చేరింది. కొడుకు లింగస్వామి మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీలకు లారీ తోలుతాడు. ఇంకెన్నాళ్లు ఊడుస్తవు, ఇంట్ల కూసోరాదే అని కొడుకు అంటే, "నువ్వు లారీ దిగినంక నేను పొరక దించుత" అనేది. సర్పంచిని తిట్టేది, పంచాయతీ లెక్కలు రాసే కారోబారును తిట్టేది, మురుగుమోరీలో ప్లాస్టిక్ కవర్లు పారేసే ఊరందర్నీ ఇంటిపేర్లు పెట్టి తిట్టేది. నన్ను కూడా వదలలేదు. సంతకం తప్ప ఆమెకు చదవడం రాదు. అందుకని నేనేం రాసినా ముందు మూడుసార్లు చదివించుకునేది. మూడోసారి ఒక్క మాట అటూ ఇటూ అయినా పట్టేసేది. "గప్పుడు గట్ల సదవలే గద సారూ" అనేది.

ఆమె నా దగ్గరికి మొదటిసారి వచ్చింది పన్నెండేళ్ల కింద, లాజరు చనిపోయిన మర్నాడు.

లాజరు ఆ ఊరి సఫాయి పనివాళ్లలో పెద్దవాడు. వానాకాలంలో ఒక తెల్లవారుజామున ఊరి చివరి కల్వర్టు కింద చెత్త అడ్డుపడిందంటే ఒక్కడే పార పట్టుకుని పోయాడు. బండ జారి కిందికి పడ్డాడు. మధ్యాహ్నం దాటాక బర్రెలు తోలుకొచ్చినవాళ్లు చూసేదాకా అతను లేడన్న సంగతి ఎవరికీ తెలియదు. ఎందుకు తెలియలేదంటే, కారోబారు రోజూలాగే పొద్దున ఇంట్లో కూర్చుని పద్నాలుగు మందికీ హాజరు వేసుకున్నాడు. పుస్తకం ప్రకారం లాజరు పనిలో ఉన్నాడు.

"పుస్తకంల లాజరన్న పొద్దుగూకేదాంక డ్యూటీ చేసిండు సారూ" అంది చంద్రమ్మ నాతో. ఏడవలేదు. అసహ్యంగా అంది. ఆ గొంతు నాకిప్పటికీ గుర్తుంది.

మిగిలిన పదమూడు మందినీ ఆమే కూర్చోబెట్టింది. లాజరు చోట అతని కూతురు చేరగానే ఇద్దరిద్దరు జోడీలు కట్టించింది. ఆ రోజు నుంచి గాజులకుంటలో ఎవరి హాజరు వాళ్లు చెప్పుకోరు. కారోబారు చంద్రమ్మ అని పిలిస్తే చంద్రమ్మ పలకదు, ఆమె జోడీ పలుకుతుంది, "వచ్చింది" అని. సాయంత్రం పని దిగేముందు మళ్లీ పిలవాలి. అప్పుడు జోడీ "ఎక్కింది" అనాలి. మోరీలోంచి పైకెక్కింది, మనిషి క్షేమం, అని. సంతకం కూడా అంతే, ఒకరి వరుసలో వాళ్ల జోడీ పెట్టాలి. కారోబారు నవ్వితే ఆమె అడిగింది, "నేను మోరీల పడి ఉంటే నా సంతకం నేనెట్ల పెడుదు? నన్ను సూసినోళ్లే పెట్టాలె గద!" రెండు రోజులు గొణిగాడు, తర్వాత అలవాటు పడ్డాడు.

మోరీ మీదికి ఇద్దరు లేకుండా పోకూడదని పంచాయతీ చేత తీర్మానం చేయించారు. రాసింది నేనే. ముప్పై ఏళ్లలో నేను రాసిన కాగితాల్లో మనుషులకు పనికొచ్చింది బహుశా అదొక్కటే. సంతకాల సంగతి అందులో రాయలేదు. అది వాళ్ల లోపలి పద్ధతి, రాయాల్సినంత విషయమని అప్పుడు తోచలేదు.

అట్లా ఆ పద్నాలుగు మందికి ఒక సంఘం ఏర్పడింది. జెండా లేదు, ఆఫీసు లేదు. నేను అచ్చు వేయించిన లెటరుప్యాడు ఒకటి, చంద్రమ్మ నోరు ఒకటి, అంతే ఆస్తి. అయినా సర్పంచులు ముగ్గురు మారినా జోడీ పద్ధతిని ఎవరూ కదిలించలేకపోయారు.

లాజరు చోట చేరిన కూతురు పేరు కరుణ. అప్పటికి ఆ పిల్లకు ఇరవై ఏళ్లు. చంద్రమ్మ ఆమెను తన జోడీగా తీసుకుంది. కారణం ఊళ్లో అందరికీ తెలుసు, ఆఫీసులో ఎవరికీ తెలియదు. కరుణకు ఫిట్స్ వస్తాయి. సూర్యాపేట దవాఖానలో ఇచ్చే మందులు వాడుతుంది, అయినా మూడు నెలలకో, ఆరు నెలలకో ఒకసారి వస్తుంది. వచ్చేముందు చూపు ఒకచోట నిలబడిపోతుంది. "సూపు నిలవడ్డదంటే సాలు, నడుముకు చెయ్యేసి ఇవుతలికి గుంజుత" అనేది చంద్రమ్మ. పన్నెండేళ్లలో మోరీ అంచు నుంచి నాలుగుసార్లు అట్లా గుంజింది. ఒంటరిగా మోరీ అంచున ఉన్నప్పుడు వస్తే ఏమవుతుందో లాజరు కూతురికి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ సంగతి ఆఫీసుకు రాసిస్తే, పనికి పనికిరాదని తీసేస్తారు. అందుకే జోడీ అన్నది కరుణ కోసమని ఎక్కడా అనకుండా, అందరి కోసమని నిలబెట్టాలి. పద్నాలుగు మందీ నోరు కట్టుకుని అట్లాగే నిలబెట్టారు.

ఇంతలో గాజులకుంటను, పక్కనున్న మరో రెండు ఊళ్లను మున్సిపాలిటీలో కలిపారు. పంచాయతీ బోర్డు మీద సున్నం పూసి వార్డు నంబరు రాశారు. సఫాయి పనివాళ్లందరూ మున్సిపాలిటీకి మనుషులను సప్లై చేసే ఏజెన్సీ కిందికి పోయారు. పట్నంలోని రెండు యూనియన్లలో సభ్యులు దాదాపు సమానం. మూడు ఊళ్ల నలభై మందీ ఎటు మొగ్గితే వాళ్లే పెద్ద యూనియన్, చర్చల్లో కుర్చీ వాళ్లదే. అప్పటిదాకా గాజులకుంట ఎటువైపుందో తెలియని నాయకులు ఆ ఊరి గల్లీల్లో చెప్పులరిగేలా తిరిగారు.

"పెండ్లి సంబంధమొచ్చినట్టు వస్తుండ్రు సారూ. ఒగడు లడ్డూలు, ఒగడు తువ్వాలలు" అని చంద్రమ్మ నవ్వింది. ఇద్దరికీ ఒకటే మాట చెప్పింది. మా సంఘం మీ దాంట్ల కలుపుతం, కానీ జోడీ పద్ధతి మీ డిమాండ్లల్ల మొదటి నంబరు ఉండాలె.

రెండో యూనియనాయన చూద్దామన్నాడు. ధనుంజయ్ చూద్దామనలేదు. ఆ కల్వర్టు దగ్గరికి పోయి, చెప్పులు విడిచి, లాజరు పడ్డచోట పూలు పెట్టి, మోకాళ్ల మీద కూర్చుని, "లాజరన్న సాక్షిగ చెప్తున్న, జోడీ నా మొదటి డిమాండు" అన్నాడు. కరుణ వెక్కి వెక్కి ఏడ్చింది. అతనూ కండ్లు తుడుచుకున్నాడు.

డిమాండ్ల పత్రం నా చేతే రాయించాడు. ఒకటో నంబరు జోడీ. చంద్రమ్మ మూడుసార్లు చదివించుకుని తలాడించింది. మర్నాడు పొద్దున హాజరు వేళకు, పాత పంచాయతీ అరుగు మీద, ఎప్పుడూ హాజరు పుస్తకం పెట్టే బల్ల మీదే సభ్యత్వ పత్రం పెట్టారు. పద్నాలుగు పేర్లు, పద్నాలుగు గీతలు. అందరూ వరుసగా వచ్చి సంతకాలు చేశారు. గాజులకుంట సంఘం ఆ పూటతో అయిపోయింది.

సూర్యాపేటలో లేబర్ ఆఫీసులో చర్చలు పెట్టారు. యూనియన్ తరఫున ధనుంజయ్, కాగితాలు అందించడానికి నేను. లోపలికి ఇద్దరికే అనుమతి. చంద్రమ్మ మాతోపాటే బస్సెక్కి వచ్చి వరండాలో బల్ల మీద కూర్చుంది. ఇస్త్రీ చీర కట్టుకుంది, తలకు నూనె రాసుకుంది.

ఆఫీసరు ఒకావిడ. నలభై ఏళ్లుంటాయి. మర్యాదగా మాట్లాడింది. ఏజెన్సీ మనిషి ఎదుటి కుర్చీలో ఉన్నాడు. అన్నీ విన్నాక ఆవిడ పెన్ను పట్టుకుని, "విలీనమైన గ్రామాల్లో ఇంతవరకు అమలులో ఉన్న పద్ధతులు ఏమైనా కొనసాగించాలని మీరు కోరుతున్నారా? ఉంటే ఇప్పుడే చెప్పండి, నమోదు చేస్తాను" అంది.

అడిగింది. నిజంగా అడిగింది. పెన్ను కాగితం మీద ఆనించి, జవాబు కోసం చూసింది.

ధనుంజయ్ టీ కప్పు కింద పెట్టి, "అట్లాంటివేం లేవు మేడం" అన్నాడు.

తన సంచీలోంచి ఇంకో కాగితం తీసి ఇచ్చాడు. అది నేను రాసింది కాదు. ఎక్కడో టైపు చేయించుకొచ్చాడు. అందులో ఒకటో డిమాండు, ఆఫీసు ఆవరణలో యూనియన్‌కు గది. రెండోది, పని చూసే జవాన్లను యూనియన్ సిఫారసు చేసినవాళ్లలోంచే తీసుకోవాలి. జోడీ అన్న మాట ఎక్కడా లేదు. ఆవిడ చదవకముందే ఏజెన్సీ మనిషి తల ఊపాడు. వాళ్లిద్దరి మధ్యా మాటలు ముందే అయిపోయాయని పసిపిల్లకు కూడా అర్థమవుతుంది. జోడీలు విడగొడితే అదే మనుషులతో రెండింతల గల్లీలు ఊడ్పించుకోవచ్చు. దానికి బదులు ఇతని మనుషులకు జవాను కొలువులు.

నా చేతిలో నేను రాసిన పత్రం ఉంది. దాన్ని బల్ల మీద పెడితే చాలు, నోరు కూడా విప్పనక్కర్లేదు. జానెడు దూరం. నేను దరఖాస్తులు రాసేవాణ్ని, నాకిక్కడ మాట్లాడే హక్కు లేదు, అని నాకు నేను చెప్పుకున్నాను. పచ్చి అబద్ధం. ధనుంజయ్ నాకు ఏడాదికి సరిపడా పని ఇస్తాడు, అదీ అసలు సంగతి. పత్రాన్ని మడిచి ఫైలులో పెట్టుకున్నాను.

బయటికి రాగానే చంద్రమ్మ లేచి నిలబడింది. "అన్నడా సారూ?"

"అన్నడమ్మా" అన్నాను.

ఆమె మొహం వికసించింది. ఆఫీసు గేటు దగ్గర జామకాయలు కొని, కొంగుతో తుడిచి, పెద్దది ఏరి నాకిచ్చింది. కోదాడ బస్సులో కిటికీ పక్కన కూర్చుని నేను దాన్ని కొరకలేదు, పారేయనూ లేదు.

పదిరోజులకు ఎవరికి ఏ వార్డో జాబితా గోడకు అతికించారు. ఒక్కో గల్లీకి ఒక్కో మనిషి. కరుణకు కూరగాయల మార్కెట్టు వెనక పెద్ద మోరీ. చంద్రమ్మకు ఊరి రెండో కొసన కొత్త కాలనీ. ఆమె ఎవరి చేతనో ఫోన్లో ఫొటో తీయించి నా దగ్గరికి వచ్చింది. ఫోన్ నా బల్ల మీద పెట్టింది.

"సారూ, నువ్వు లోపట్నే ఉన్నవ్ గద" అంది.

జరిగింది జరిగినట్టు చెప్పాను. ఊళ్లో అందర్నీ తిట్టే మనిషి నన్ను తిట్టకుండా ఫోన్ తీసుకుని వెళ్లిపోయింది. తిడితే బాగుండేది.

ఆ సిగ్గుతోనే ఆ మధ్యాహ్నం ఫైలంతా తిరగేశాను. గాజులకుంట సభ్యత్వ పత్రం చేతికొచ్చింది. దాన్ని చూస్తూ చూస్తూ ఉలిక్కిపడ్డాను. చంద్రమ్మ పేరు ముందు కరుణ సంతకం ఉంది. కరుణ పేరు ముందు చంద్రమ్మ సంతకం. కిందికి చూసుకుంటూ పోతే పద్నాలుగూ అంతే. హాజరు బల్ల మీద, హాజరు వేళకు పెట్టేసరికి, పన్నెండేళ్ల అలవాటుతో అందరూ ఎవరి జోడీ వరుసలో వాళ్లు సంతకాలు పెట్టేశారు. నేనూ చూసుకోలేదు, ధనుంజయూ చూసుకోలేదు. లెక్కపెట్టుకున్నాడు, అంతే.

చంద్రమ్మను పిలిపించి చెప్పాను. "ఈ కాయిదం చెల్లదమ్మా. ఇందుల ఒక్క సంతకం గూడ ఎవరిది వాళ్లది గాదు. మీ పద్నాలుగు మంది ఇందులకెల్లి పోతే ధనుంజయ్‌కు మంది తక్కువైతరు. కుర్చీ పోతది. ఫిర్యాదు రాస్త, సూర్యాపేట మేడమ్‌కే ఇద్దం."

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "అయ్యో, అలవాటు సారూ! సెయ్యి దానంతటదే పాయె." తర్వాత నవ్వు ఆపి, "ముందుగాల ఆయన్నడుగుత. మనిషికి ఒక మౌకా ఇయ్యాలె" అంది. ఫిర్యాదు రాసి చేతికిచ్చాను. మూడుసార్లు చదివించుకుంది.

ఆ వారమే మిర్యాలగూడలో యూనియన్ మహాసభ. యూనియన్ ఉన్న మూడు పట్నాల నుంచీ బస్సులు పెట్టారు. ఫంక్షన్ హాలు నిండా బ్యానర్లు, ప్రతి బ్యానరు మీదా ధనుంజయ్ మొహం. కొత్త కమిటీలు చదివారు. మా పట్నాన్ని నాలుగు జోన్లు చేశారు, ఒక్కో జోనుకు ఒక్కో కమిటీ. గాజులకుంట మనుషులను నాలుగింటిలోకీ పంచేశారు, ఒక్క కమిటీలో కూడా ఒక్కరి పేరు లేదు. చంద్రమ్మను మాత్రం స్టేజీ మీదికి పిలిచి గౌరవ సలహాదారు అన్నారు, మెడలో దండ వేశారు. సలహా ఎవరూ అడగలేదు. ఫొటో అయ్యాక దిగిపొమ్మన్నారు.

భోజనాలయ్యాక చేతులు కడుక్కునే చోట ధనుంజయ్‌ను పట్టుకున్నాం. చంద్రమ్మ దండ తీసి చేత్తో పట్టుకుని ఉంది.

"లాజరన్న మీద ఒట్టు వెట్టినవ్ గదయ్యా. జోడీ ఏది?"

"పెట్టినమమ్మా, ముందు పెద్ద డిమాండ్లు కానియ్యి. ఒక్కొక్కటి అయితయి" అన్నాడు పుల్లతో పళ్లు కుట్టుకుంటూ.

"పెట్టలే. సారు లోపట్నే ఉండె."

అతను నా వైపు తిరిగాడు. నేను చెప్పలేకపోయిందంతా ఆ కాగితం చెప్తుందని, సభ్యత్వ పత్రం జిరాక్సు తీసి చూపించాను. వేలితో ఒక్కో వరుసా చూశాడు. మొహంలో రంగు పోయింది. నాకు లోపల ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఆ సంతోషం రెండు నిమిషాలు ఉంది.

అతను పుల్ల పారేసి, గొంతు తగ్గించి, ప్రేమగా అడిగాడు. "గిది మీకు అలవాటామ్మా? హాజరు బుక్కుల గూడ గిట్లనేనా?"

"గిట్లనే. పన్నెండేండ్ల సంది" అంది చంద్రమ్మ గర్వంగా.

"మరి ఒకరి హాజరు ఇంకొకరు పెట్టుడంటే ఏమంటరో ఎరుకేనా? దొంగ హాజరంటరు. బుక్కులన్నీ మున్సిపాలిటీకి వచ్చినయి, అల్మారలనే ఉన్నయి. ఈ కాయిదం మీరు మేడమ్‌కు సూపిస్తే, ఆ బుక్కులు నేను సూపియ్యాల్సి వస్తది. పద్నాలుగు మంది నౌకర్లు ఒక్కపూటల ఖతం. కరుణది గూడ." ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. "నేనైతే ఎవలకు చెప్ప. మీ మంచికే అంటున్న."

మనుషులు చావకుండా కాపాడుకున్న పద్ధతిని, దొంగతనమని పేరు పెట్టి వాళ్ల మెడకే వేశాడు. మీ మంచికే అన్నాడు పైగా. అంత మెత్తగా, అంత శుభ్రమైన చొక్కాలో, చేతులు సబ్బుతో కడుక్కుని. మోరీలో చెయ్యి పెట్టినా నాకు అంత రోత పుట్టదు.

చంద్రమ్మ అతని చెయ్యి తీసి పక్కన పెట్టింది. ఫిర్యాదు కాగితాన్ని నాలుగు మడతలు చేసి నడుముకు దోపుకుంది. చేతిలో దండను చేతులు కడిగే తొట్టిలో పడేసి, దాని మీద ఉమ్మేసింది.

"పోదాం పా సారూ" అంది.

నెల తిరగకముందే వచ్చి రాజీనామా రాయమంది. నేను వద్దన్నాను. ఇంకా రెండేళ్ల పని ఉంది కదా అన్నాను.

"పేరు రిజిస్టర్ల ఉంటే వాళ్లు సూపిన గల్లీల నిలవడాలె. పేరు లేకపోతే నా ఇష్టమున్న గల్లీల నిలవడత. నన్నెవడడుగుతడు?" అంది. "పని శాతనైతలేదని రాయి."

రాశాను. లింగస్వామి ఫోన్ చేసి, అమ్మ ఇప్పటికైనా ఇంట్లో కూర్చుంటుందని సంతోషపడ్డాడు. మర్నాడు పొద్దున అయిదున్నరకే ఆమె మార్కెట్టు వెనక మోరీ దగ్గర కరుణ పక్కన నిలబడి ఉంది. చేతిలో పార లేదు, పొరక లేదు. ఊరికే నిలబడి ఆ పిల్ల కండ్లలోకి చూస్తూ ఉంది. జవాను వచ్చి నువ్వెవరంటే, "కూరగాయలు కొన వచ్చిన" అంది. రోజూ అదే జవాబు.

అప్పుడు సన్మానం పెట్టాడు ధనుంజయ్. ఎక్కడ? ఆ ఒకటో డిమాండు కింద సంపాదించిన యూనియన్ గదిలో. కొత్త సున్నం వాసన ఇంకా పోలేదు. పొద్దున పదిగంటలకు. ఆమెకు కబురు పంపితే రానంది. పద్నాలుగు మంది హాజరు పుస్తకాలు ఇంకా అల్మారాలోనే ఉన్నాయని మళ్లీ కబురు పంపాడు. అప్పుడు వచ్చింది.

శాలువా కప్పారు. ఎర్రటి పొడుగాటి శాలువా, అంచు మీద తెల్లటి అక్షరాలతో యూనియన్ పేరు. నేను పత్రం చదవడం మొదలుపెట్టాను. పరమార్థం, త్యాగమూర్తి, స్వచ్ఛందం. ఒక్కో మాటా పళ్ల కింద ఇసుకలాగా తగులుతోంది. చంద్రమ్మ నా వైపు చూడలేదు, గోడ గడియారం వైపు చూస్తోంది. రెండో పేరాలో ఉండగానే లేచింది.

"అయిందా? పిల్ల మోరీ కాడ ఒక్కతే ఉన్నది" అంది.

అద్దం కట్టిన పత్రం నా చేతుల్లోనే ఉండిపోయింది. శాలువాతోనే గబగబా నడిచి వెళ్లిపోయింది. ధనుంజయ్‌ మైకు అందుకుని, "సూసిండ్రా! రిటైరైనంక గూడ డ్యూటీ మీద ఎంత ప్రేమనో!" అన్నాడు. చప్పట్లు మోగాయి. నా చేతులు ఖాళీగా లేవు కాబట్టి నేను కొట్టలేదు. ఖాళీగా ఉంటే కొట్టేవాణ్నేమో, నా మీద నాకు నమ్మకం లేదు.

ఆ మర్నాటి నుంచి ఆ శాలువా ఒక కొస కరుణ నడుముకు కట్టి ఉంటోంది, రెండో కొస చంద్రమ్మ పిడికిలికి. చీరకొంగు కంటే పొడుగు, గట్టిది. ఆ సన్మానంలో పనికొచ్చింది అదొక్కటే.

పోయిన మంగళవారం, వానకు మోరీ నిండి పారుతున్నప్పుడు, కరుణ చూపు నిలబడిపోయింది. ముందుకు ఒరిగింది. చంద్రమ్మ రెండు చేతులా గుంజింది. ఇద్దరూ వెల్లకిలా పడ్డారు. కరుణ మోకాలు చెక్కుకుపోయింది, చంద్రమ్మ మణికట్టు బెణికింది. మార్కెట్టు వాళ్లు పరిగెత్తుకొస్తే, "కాలు జారింది, ఏం లేదు" అని అందర్నీ తరిమేసింది. ఎవరో ఫోన్లో ఫొటో తీశారు. బురదలో శాలువా, శాలువా అంచు మీద యూనియన్ పేరు, చక్కగా చదవడానికి వీలుగా. మధ్యాహ్నానికల్లా ఊరంతా వాట్సాప్‌లో తిరిగింది.

రెండింటికి ధనుంజయ్ ఫోన్ చేశాడు. "సూసినవా కాశీరాం? యూనియన్ పేరు తీస్కపోయి మోరీల పడేసింది. ఇజ్జత్ తీసింది. సంజాయిషీ నోటీసు రాయి. జర గట్టిగ రాయి."

రాస్తానన్నాను. ఫోన్ పెట్టేదాకా ఎదురుచూశాను. కరుణ ఎట్లా ఉందని అతను అడగలేదు.

సాయంత్రం పని దిగే వేళకు మున్సిపల్ గేటు దగ్గరికి పోయాను. మున్సిపాలిటీలో సాయంత్రం హాజరు లేదు. పార అప్పజెప్పి ఎవరి దారిన వాళ్లు పోతారు. యూనియన్ గదిలో ధనుంజయ్ మనుషులు నలుగురు క్యారమ్స్ ఆడుతున్నారు. కరుణ కుంటుతూ వచ్చి పార లోపల పెట్టింది. చంద్రమ్మ గేటు బయటే ఆగింది, ఆమెకు లోపలికి పోయే హక్కు లేదు. శాలువా ఉతికి, పిండి, భుజాన వేసుకుని ఉంది. బెణికిన చెయ్యి రొమ్ముకు ఆనించుకుని, ఆ గొంతుతో ఆఫీసు గోడలకు వినబడేలా అంది.

"కరుణ ఎక్కింది."

క్యారమ్ బోర్డు మీది నుంచి ఎవరూ తలెత్తలేదు. ఆమె ఇంకొక్కసారి అని, కరుణ చెయ్యి పట్టుకుని గాజులకుంట ఆటో ఎక్కింది.

నోటీసు ఇంకా రాయలేదు. ఇది రాశాను.